లాగితేనే తెరుచుకుంటుంది: భూఫలకాల నమూనా ప్రాజెక్టు డైరీ

1వ రోజు

రెండు భూఫలకాలు (భూమి పైభాగాన్ని కప్పిన భారీ రాతి పలకలు) ఒకదానికొకటి దూరమవుతున్న చోట నేల ఎలా చీలుతుందో, ఆ చీలికలోకి ఏది వచ్చి చేరుతుందో, పగులు లోయగా మొదలైనది చివరికి సముద్రంగా ఎలా మారుతుందో చేతితో తాకి, స్కేలుతో కొలిచి తెలుసుకోవాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. పాఠ్యపుస్తకాలలో ఈ విషయానికి వేసే బొమ్మ అందరికీ పరిచయమే. అందులో వేడి పదార్థం ఎర్రటి బాణాలుగా అడుగు నుంచి ఎగసి, పైన రెండుగా చీలి, ఫలకాలను ఇరువైపులకూ నెడుతూ కనిపిస్తుంది. ఆ బాణాలు నిజంగానే నెడుతున్నాయా, లేక ఫలకాలు వేరే కారణం వల్ల తొలగిపోతుంటే ఖాళీ అయిన చోటికి వేడి పదార్థం వచ్చి చేరుతున్నదా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. నమూనా కట్టేవారు ఈ ప్రశ్నను దాటవేయలేరు, ఎందుకంటే కదిలించేది మంటా, మోటారా అన్నది ముందే తేల్చుకోవాలి.

మూడు నమూనాలు అనుకున్నాను. ఖండం చీలడాన్ని చూడడానికి ఇసుక పెట్టె, సముద్రపు అడుగు పుట్టడాన్ని చూడడానికి మైనం తొట్టి, ఆ అడుగు దాచుకున్న అయస్కాంత చరిత్రను చదవడానికి కాగితపు పట్టీలు. వేగాల విషయం ఈ రోజే రాసి పెట్టుకుంటున్నాను. అట్లాంటిక్ మధ్యలో ఫలకాలు సంవత్సరానికి సుమారు 2.5 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతాయి. 80 ఏళ్లు బతికిన మనిషి జీవితకాలంలో ఆ సముద్రం వెడల్పు 2 మీటర్లు పెరుగుతుంది. అదే వేగం కోటి సంవత్సరాలు సాగితే 250 కిలోమీటర్లు అవుతుంది.

3వ రోజు

ఇసుక పెట్టె పూర్తయింది. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఒక పక్క గోడ అద్దం. అడుగున రెండు పలుచని రేకులను అంచుకు అంచు తగిలేలా పరిచి, ఒకదాన్ని పెట్టెకు బిగించి, రెండోదాన్ని బయటి నుంచి మర ద్వారా మెల్లగా లాగే ఏర్పాటు చేశాను. పైన సన్నని పొడి ఇసుకను రంగు పట్టీలుగా, పొరకు ఒక సెంటీమీటరు చొప్పున, ఐదు పొరలు పరిచాను. ఇసుక తడిగా ఉంటే గడ్డకట్టి నిటారు గోడలా నిలబడుతుంది కాబట్టి, పూర్తిగా ఆరబెట్టిన ఇసుకనే వాడడం తప్పనిసరి. నమూనా ఎంత చిన్నదైతే అందులోని పదార్థం అంత బలహీనంగా ఉండాలన్న నియమం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఒక సెంటీమీటరు పొడి ఇసుకను ఒక కిలోమీటరు భూపటలానికి, అంటే భూమి పై రాతి పొరకు, ప్రతినిధిగా తీసుకోవడం ఇటువంటి ప్రయోగాలలో వాడుక.

5వ రోజు

మొదటి లాగుడు. రేకు 4 మిల్లీమీటర్లు జరిగేవరకు పైన ఏమీ కనిపించలేదు. తరువాత ఇసుక ఉపరితలం మీద రెండు సమాంతర గీతలు, వాటి మధ్య భాగం కొద్దిగా దిగినట్టు నీడ. ఒక సెంటీమీటరు జరిగేసరికి ఆ మధ్య భాగం స్పష్టమైన లోయ అయింది. అద్దం గుండా చూస్తే, అడుగున రేకులు విడిపోయిన ఒకే బిందువు నుంచి రెండు భ్రంశాలు (ఇరుపక్కల పొరలు రాసుకుంటూ జారే చీలికలు) అటూ ఇటూ ఏటవాలుగా పైకి వెళ్లాయి. వాటి మధ్యనున్న కిందికి సన్నబడే చీల ఆకారపు దిమ్మ తన బరువుతో తానే కిందికి జారింది. భ్రంశాల వాలును కోణమానినితో కొలిస్తే ఒకటి 59 డిగ్రీలు, మరొకటి 62. ఇసుక రేణువుల మధ్య రాపిడిని బట్టి లెక్కగట్టినా 60 డిగ్రీల దగ్గరే వస్తుంది.

ఇక్కడే నాకు ఎంతో విలువైన సంగతి ఒకటి దొరికింది. లోయ పైభాగపు వెడల్పు 5.8 సెంటీమీటర్లు. పొరల మందాన్ని 3 సెంటీమీటర్లకు తగ్గించి మళ్లీ చేస్తే వెడల్పు 3.5 మాత్రమే వచ్చింది. అంటే లోయ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందన్నది ఎంత బలంగా లాగామన్న దానిపై కాక, విరిగే పొర ఎంత మందంగా ఉందన్న దానిపై ఆధారపడుతున్నది. పైన నిలబడి లోయ వెడల్పును కొలిచినవారికి కంటికి కనపడని లోతు గురించి అంచనా దొరుకుతుందన్నమాట. తూర్పు ఆఫ్రికా పగులు లోయ చాలా చోట్ల పదుల కిలోమీటర్ల వెడల్పు ఉండడానికి కారణం అక్కడ విరుగుతున్న శిల అంత మందంగా ఉండడమే.

6వ రోజు

రేకుల మధ్య 10 సెంటీమీటర్ల రబ్బరు పొరను అతికించి లాగాను. ఈసారి ఒక్క లోయ ఏర్పడలేదు. సాగే రబ్బరు పొడవునా ఇసుక అనేక దిమ్మలుగా విరిగి, అవి వరుసలో ఒకే వైపుకు ఒరిగాయి. అడుగున సాగుదల ఒకే చోట కేంద్రీకృతమైతే సన్నని లోతైన లోయ, విస్తారంగా పంచబడితే వరుస కొండలు, లోయలు. అమెరికా పడమటి భాగంలోని బేసిన్ అండ్ రేంజ్ ప్రాంతం రెండో రకానికి చెందినది.

9వ రోజు

ఇంతవరకు లోయను ఖాళీగా వదిలాను కానీ ప్రకృతిలో అలా జరగదు. లోయ దిగుతున్న కొద్దీ నదులు మట్టిని తెచ్చి నింపుతూనే ఉంటాయి. కాబట్టి ప్రతి 2 మిల్లీమీటర్ల లాగుడు తరువాత ఆపి, లోయలో తెల్ల ఇసుకనూ నల్ల ఇసుకనూ మార్చి మార్చి చల్లి సమం చేస్తూ వచ్చాను. ఈ పనికి దాదాపు మూడు గంటలు పట్టింది. చివరికి మొత్తం ఇసుకను పిచికారీతో నెమ్మదిగా తడిపి, కొంతసేపు ఆగి, పొడవైన కత్తితో నిలువుగా కోశాను.

కోతలో కనిపించినది చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఒక వైపు భ్రంశం ఎక్కువగా జారడం వల్ల లోయ అడుగు ఆ వైపుకు వాలింది. నేను సమంగా చల్లిన ప్రతి పొరా ఆ భ్రంశం దగ్గర మందంగా, ఎదుటి ఒడ్డు దగ్గర పలుచగా, విసనకర్ర మడతల్లా విచ్చుకుని ఉంది. అన్నిటికన్నా కింది పొర ఎక్కువగా వాలి ఉంది, పైకి వచ్చే కొద్దీ వాలు తగ్గింది. లోయ ఎప్పుడు ఎంత దిగిందో ఆ పొరల మందమే రాసి పెట్టింది. తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సు ఇటువంటి ఒంటి వాలు లోయల వరుసలో నిండిన నీరు. దాని గరిష్ఠ లోతు సుమారు 1,470 మీటర్లు. నీటి మట్టం సముద్ర మట్టానికి 770 మీటర్ల ఎత్తున ఉన్నా, సరస్సు అడుగు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్లు దిగువన ఉంటుంది. ఇక్కడ ఖండం నడిమధ్యన ఇంత లోతుకు నేలను దింపినది లాగుడే.

మరొక గమనిక కూడా రాయాలి. మరను నేను ఒకే వేగంతో తిప్పుతున్నా, భ్రంశాలు మాత్రం ఆగి ఆగి జారాయి. రేకు జరుగుతూనే ఉంటుంది, ఇసుక పట్టుకుని ఉంటుంది, తరువాత ఒక్కసారిగా వదిలేస్తుంది. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో 2005 సెప్టెంబరులో దబ్బాహు అగ్నిపర్వతం దగ్గర జరిగినది గుర్తుకు వచ్చింది. సంవత్సరానికి మిల్లీమీటర్ల లెక్కన మాత్రమే దూరమయ్యే ఫలకాల మధ్య, కొన్ని వారాల వ్యవధిలోనే 60 కిలోమీటర్ల పొడవున నేల తెరుచుకుని, కొన్ని చోట్ల 8 మీటర్ల వరకు విడిపోయింది. ఆ ఖాళీలో నిలువు గోడలా మాగ్మా (కరిగిన రాయి) నిండింది. శతాబ్దాలపాటు పేరుకున్న సాగుదల అలా ఒక్కసారిగా తీరింది.

12వ రోజు

మైనం తొట్టి మొదలైంది. ముందుగా ఒక హెచ్చరిక: మైనాన్ని మంట మీద నేరుగా పెట్టకూడదు, వేడి నీటి తొట్టిలో మరో తొట్టి ఉంచి మాత్రమే కరిగించాలి. ఒకవేళ అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత వేసి గాలి అందకుండా చేయాలి.

అనుకున్నట్టే మొదట మంట పక్షానే నిలబడ్డాను. 5 సెంటీమీటర్ల లోతున కరిగిన పారఫిన్ పోసి, పైన పంకా గాలితో పొర కట్టనిచ్చి, మధ్య భాగం కింద మాత్రమే వేడిని పెంచాను. వేడి మైనం అక్కడ ఎగసి, పైపొరను రెండుగా చీల్చి, అటూ ఇటూ నెడుతుందని ఆశించాను. ఐదుసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ పొర మధ్యలో పలుచబడి, కరిగి, ఒక గుండ్రటి రంధ్రమైంది. ఆ రంధ్రం అంచులు కొద్దిగా వెనక్కి కరిగాయే తప్ప, ఇరువైపులా ఉన్న పొర ఒక్క మిల్లీమీటరు కూడా జరగలేదు. వేడి దారి చేయగలిగింది కానీ తోయలేకపోయింది.

14వ రోజు

రెండు రోజులు తొట్టిని ముట్టుకోకుండా, ప్రపంచ పటాన్ని ముందు పెట్టుకుని ఆలోచించాను. ఆఫ్రికాకు పడమట అట్లాంటిక్ మధ్యన ఒక గట్టు (ఫలకాలు విడిపోయే చోట సముద్రపు అడుగున లేచిన పొడవైన కొండల వరుస) ఉంది, తూర్పున హిందూ మహాసముద్రంలో మరొకటి ఉంది. రెండు గట్ల దగ్గరా కొత్త అడుగు పుట్టి ఆఫ్రికా ఫలకానికి చేరుతూనే ఉంది, ఆ రెండిటి నడుమ ఫలకాన్ని మింగే కందకమేదీ లేదు. కాబట్టి ఫలకం పెరుగుతున్న కొద్దీ ఆ రెండు గట్లూ ఒకదానికొకటి దూరంగా జరిగిపోవలసిందే. దాదాపు అన్ని వైపులా గట్లు చుట్టుముట్టిన అంటార్కిటికా ఫలకం సంగతీ ఇంతే. గట్టే కదిలిపోతున్నప్పుడు, అది ప్రావారపు (పటలం కింద ఉండే మందమైన వేడి రాతి పొర) లోతుల్లో ఒకేచోట స్థిరంగా ఎగసే వేడి ప్రవాహం మీద కూర్చుని ఉందని చెప్పడం కుదరదు. పాఠ్యపుస్తకపు ఎర్ర బాణాల మీద నా నమ్మకం ఈ పటం ముందే సడలింది.

వేగాలు కూడా అదే చెబుతున్నాయి. అంచులు పొడవునా ప్రావారంలోకి దిగిపోతున్న పసిఫిక్, నాజ్కా ఫలకాలు వేగంగా కదులుతాయి. అటువంటి అంచులు పెద్దగా లేని ఆఫ్రికా, యురేషియా ఫలకాలు నెమ్మదిగా కదులుతాయి. చల్లబడి బరువెక్కిన ఫలకం దిగుతూ తన వెనకనున్న భాగాన్ని లాగడమే ప్రధాన శక్తి అన్న అభిప్రాయానికి ఇది గట్టి ఆధారం. ఎత్తైన గట్ల నుంచి ఫలకాలు పల్లానికి జారే ధోరణి కూడా కొంత తోడవుతుంది. అఫార్, ఐస్‌లాండ్ వంటి చోట్ల లోతు నుంచి అసాధారణమైన వేడి పైకి వస్తున్న మాట నిజమే. అక్కడ పగులుకు అది ఎంతగానో సాయపడింది. అయితే సుమారు 65,000 కిలోమీటర్ల పొడవైన గట్ల వ్యవస్థ మొత్తానికి దాన్ని కారణంగా చూపలేము.

మరి మాగ్మా ఎక్కడి నుంచి వస్తున్నది? దీని గురించి నమూనా చెప్పలేని సంగతి ఒకటుంది, దాన్ని విడిగా రాయడం న్యాయం. గట్ల కింద ద్రవపు సముద్రమేదీ లేదు. ప్రావారం దాదాపు 1,300 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్నా, పైనున్న బరువు వల్ల ఘనంగానే ఉంటుంది. ఫలకాలు తొలగినప్పుడు ఆ ఘనశిల నెమ్మదిగా పైకి వస్తుంది. వచ్చే దారిలో దాని వేడి పెద్దగా తగ్గదు కానీ పీడనం తగ్గిపోతుంది. పీడనం తగ్గగానే కరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గి, శిలలో కొద్ది భాగం కరుగుతుంది. ఆ కరిగిన భాగమే పైకి ఊరి, 6 నుంచి 7 కిలోమీటర్ల మందం గల బసాల్ట్ జాతి సముద్ర పటలంగా గట్టిపడుతుంది. అదనపు వేడి ఏమీ అందకుండానే, కేవలం బరువు తగ్గడం వల్ల రాయి కరగడమన్న ఈ సంగతి నాకు ఈ మొత్తం విషయంలోకెల్లా అందమైనదిగా తోస్తుంది.

17వ రోజు

తొట్టిని మోటారుకు మార్చాను. అడుగున అన్ని చోట్లా సమానమైన వేడి, పైన పంకా గాలి, రెండు చివరలా మైనంలో ముంచిన చెక్క పట్టీలు. ఒక పట్టీని స్థిరంగా ఉంచి, రెండోదాన్ని గేర్ల మోటారుకు దారంతో కట్టాను. పొర రెండు పట్టీలనూ పట్టుకునేవరకు ఆగి, మధ్యలో కత్తితో ఒక గీత గీసి, సెకనుకు ఒక మిల్లీమీటరు వేగంతో లాగాను. మొదటి రకం మైనం పొర జిగటగా సాగి ముడతలు పడింది. మరో రకం పారఫిన్ తెచ్చి పోసిన తరువాత పొర శుభ్రంగా విరిగింది.

విరిగిన చోటికి, ఎవరూ నెట్టకుండానే, కింది మైనం వచ్చి చేరింది. గాలి తగలగానే గట్టిపడి చెరి సగం ఇరువైపుల అంచులకూ అతుక్కుంది. మళ్లీ నడుమ విరిగింది, మళ్లీ నిండింది. నేను గీసిన గీత కాస్త వంకరగా ఉంది. నిమిషం గడిచేసరికి ఆ వంకర మెట్లుమెట్లుగా మారి, లాగుడుకు అడ్డంగా ఉన్న చిన్న గట్ల ముక్కలు ఏర్పడ్డాయి. ఆ ముక్కలను కలుపుతూ, లాగే దిశకు సమాంతరంగా సన్నని గీతలు వచ్చాయి. అట్లాంటిక్ పటంలో గట్టును తునకలు చేసి పక్కకు జరిపినట్టు కనిపించే ట్రాన్స్‌ఫార్మ్ భ్రంశాలు ఇవే. 1965లో భూభౌతిక శాస్త్రవేత్త టూజో విల్సన్ వివరించినట్టుగా, ఆ గీత మీద రెండు గట్టు ముక్కల నడుమనున్న భాగంలో మాత్రమే ఇరుపక్కలూ ఎదురెదురుగా రాసుకుంటాయి, దాన్ని దాటిన తరువాత రెండు పక్కలూ ఒకే దిక్కుకు కలిసి పోతాయి. మైనం మీద ఆవాలంత రంగు చుక్కలు పెట్టి చూస్తే ఇది కళ్లారా కనిపించింది. గడ్డకట్టే మైనంతో ఈ ప్రయోగాన్ని ఓల్డెన్‌బర్గ్, బ్రూన్ అనే శాస్త్రవేత్తలు 1972లోనే ప్రకటించారు.

18వ రోజు

వేగాన్ని మార్చి మార్చి చూశాను. నెమ్మదిగా లాగినప్పుడు గట్టు నడిమధ్యన ఒక గాడి నిలిచిపోయింది. వేగం పెంచగానే గాడి మాయమై ఉపరితలం సమమైంది. సముద్రంలోనూ ఇదే భేదం ఉంది. నెమ్మదిగా విడిపోయే అట్లాంటిక్ గట్టు నడుమ ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల లోతైన లోయ ఉంటుంది, వేగంగా విడిపోయే తూర్పు పసిఫిక్ గట్టు మీద అటువంటి లోయ ఉండదు.

ఆ అట్లాంటిక్ లోయను మొదట గుర్తించినది సముద్రపు అడుగు పటాలు గీసిన మేరీ థార్ప్. 1950ల తొలి సంవత్సరాలలో ఆమె లోతు కొలతలను వరుసగా గీస్తూ, గట్టు శిఖరం మీద ప్రతి రేఖలోనూ ఒక గండి కనిపిస్తున్నదని గమనించారు. ఆ కాలంలో మహిళలను పరిశోధన నౌకలెక్కనిచ్చేవారు కాదు కాబట్టి, ఆమె ఇతరులు తెచ్చిన అంకెలతోనే పని చేయవలసి వచ్చింది. సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట అంగీకరించలేదు. భూకంప కేంద్రాల పటాన్ని పక్కన పెట్టి చూస్తే అవన్నీ ఆ గండి వెంటే వరుసకట్టి ఉండడంతో వాదం తీరింది.

21వ రోజు

కాగితపు పట్టీల పని. గట్టు దగ్గర గట్టిపడే రాయి ఆనాటి భూ అయస్కాంత దిశను తనలో నిలుపుకుంటుంది; పట్టీలు చూపవలసింది అదే. బల్ల మీది చీలిక గుండా రెండు పట్టీలను ఒకేసారి పైకి లాగుతూ, బయటికి వచ్చిన భాగానికి ఆనాటి అయస్కాంత దిశను బట్టి రంగు వేయాలి. భూ అయస్కాంత క్షేత్రం చివరిసారి తిరగబడి సుమారు 7.8 లక్షల సంవత్సరాలైంది. అంతకు ముందరి ముఖ్యమైన మార్పులు సుమారు 25.8 లక్షలు, 36 లక్షల సంవత్సరాల నాటివి. ఒక్కో వైపు సంవత్సరానికి ఒక సెంటీమీటరు జరిగే నెమ్మది గట్టుకు, రెండు కిలోమీటర్లను ఒక సెంటీమీటరుగా తీసుకుంటే, మొదటి పట్టె వెడల్పు 3.9 సెంటీమీటర్లు, చివరి గీత 18 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. అదే కొలతకు, ఒక్కో వైపు 7.5 సెంటీమీటర్ల చొప్పున జరిగే తూర్పు పసిఫిక్ భాగాన్ని గీస్తే చివరి గీత 135 సెంటీమీటర్ల దగ్గరకు వెళ్లి, పట్టీ బల్ల దాటి కిందికి వేలాడింది. రెండు పట్టీల మీదా అవే రంగులు, అదే వరుస. వెడల్పులు మాత్రమే వేరు.

హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ గట్టు మీద 1962లో సేకరించిన కొలతల ఆధారంగా భూశాస్త్రవేత్తలు ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ 1963లో ఈ వివరణనే ప్రతిపాదించారు. కెనడాకు చెందిన లారెన్స్ మోర్లీ స్వతంత్రంగా ఇదే ఆలోచనకు వచ్చినా, ఆయన వ్యాసాన్ని పత్రికలు తిరస్కరించాయి. ఆయన పేరు కూడా ఇక్కడ రాయడం నాకు అవసరమనిపించింది.

22వ రోజు

చిన్న లెక్క మాత్రమే. పుట్టిన అడుగు చల్లబడి కుంచించుకుని దిగుతుంది. ఆ లోతు వయసు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. గట్టు శిఖరం లోతు 2,500 మీటర్లు అనుకుని, వయసును పది లక్షల సంవత్సరాలలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 350తో గుణించి కలిపితే, 40 లక్షల ఏళ్ల అడుగు 3,200 మీటర్ల లోతున, రెండున్నర కోట్ల ఏళ్లది 4,250 మీటర్ల లోతున, 6.4 కోట్ల ఏళ్లది 5,300 మీటర్ల లోతున వస్తాయి. ఇంకా పాతదైన అడుగు ఈ సూత్రం చెప్పినంత లోతుకు దిగదు.

26వ రోజు

ఈ రోజు ఎదురుచూడనిది జరిగింది. మైనం పొరలో రెండు చోట్ల ఒకేసారి చీలిక మొదలై, ఎదురెదురుగా పెరిగి, ఒకదాని కొన మరొకదాని పక్కగా దాటిపోయింది. వాటి మధ్య చిక్కుకున్న చిన్న ముక్క, రెండు అరచేతుల నడుమ దొర్లే గోలీలాగా, నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతూనే రెండు వైపులా కొత్త మైనాన్ని చేర్చుకుంటూ ఏడు సెంటీమీటర్ల బిళ్ళ అయింది. పసిఫిక్‌లోని ఈస్టర్ సూక్ష్మఫలకం ఇలాగే రెండు గట్ల నడుమ చిక్కుకుని తిరుగుతున్నది. మోటారు ఆపి, వేడి తగ్గించి, పొర పూర్తిగా గట్టిపడిన తరువాత బిళ్ళను కోసి తీశాను. దాని మీద కొత్త మైనం చేరిన గీతలు అంచు నుంచి లోపలికి మెలి తిరిగి ఉన్నాయి. ఆ మెలికను పారదర్శక కాగితం మీద ఎక్కించుకున్నాను. రేపు దానిని కొలిచి, బిళ్ళ సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరిగిందో లాగుడు వేగంతో పోల్చి చూడాలి.